రిపోర్టులో 'యాంకిలోస్టోమా' అని ఆపేస్తున్నారు, ఏ జాతి పురుగో తేల్చేదెట్లా?

మంగళగిరి_షెల్టర్

మంగళగిరి దగ్గర మా షెల్టర్‌లో ఇరవై దాకా వీధికుక్కలు ఉంటాయి. మలపరీక్షకి పంపిన ప్రతిసారీ రిపోర్టులో ఒకటే మాట: "హుక్‌వార్మ్ గుడ్లు ఉన్నాయి, యాంకిలోస్టోమా". యాంకిలోస్టోమా అంటే పేగుని కొరికి రక్తం తాగే కొక్కేపురుగుల (హుక్‌వార్మ్) ప్రజాతి, దాంట్లో ఏ జాతో రాయరు. అడిగితే "మందు ఒకటే కదండీ, పేరుతో పనేముంది" అంటున్నారు. నాకైతే పని ఉంది. కెన్నెల్ ఊడ్చే మనిషికి పాదం మీద మెలికలు తిరిగిన ఎర్రటి చార వచ్చింది, చర్మం డాక్టరు కుక్కల హుక్‌వార్మ్ లార్వా అన్నారు. పిల్లలున్న ఇళ్ళకి కుక్కల్ని దత్తత ఇస్తున్నాం. పైగా కొన్నిటికి మూడు రోజులు ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు పట్టించినా గుడ్లు తగ్గడం లేదు.

డీఎన్ఏ పరీక్షతో జాతి తేలుతుందని విన్నా. ఏ జీన్ చూడాలి, శాంపిల్ ఎట్లా తీయాలి, ఎక్కడ దెబ్బతింటుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. ఈ వేసవిలోనే చేయించాలని ఉంది.

బ్రాడీపేట_వెట్

మందు ఒకటే అన్న మాట సగమే నిజం మేడమ్. మన దేశంలో కుక్కల్లో చూసుకోవాల్సినవి ప్రధానంగా మూడు: యాంకిలోస్టోమా కెనైనమ్, యాంకిలోస్టోమా బ్రజీలియెన్స్, యాంకిలోస్టోమా సిలానికమ్. నాలుగోది అన్సినేరియా స్టెనోసెఫాలా, అది చలిదేశాల పురుగు, గుంటూరు ఎండల్లో దాని గురించి దిగులక్కర్లేదు.

జాతిని బట్టి మారేవి చాలా ఉన్నాయి. కెనైనమ్ బాగా రక్తం తాగుతుంది, తల్లిపాల ద్వారా పిల్లలకి వెళ్తుంది. అందుకే కూనలకి రెండో వారం నుంచే మందు మొదలుపెట్టమంటారు. బ్రజీలియెన్స్ కుక్కకి పెద్దగా నష్టం చెయ్యదు గానీ, మనిషి చర్మంలో వారాల తరబడి పాకే చార ఎక్కువగా దానివల్లే వస్తుంది. సిలానికమ్ ఇంకో రకం. అది మనిషి పేగులోకి చేరి పెద్దదై, గుడ్లు కూడా పెడుతుంది. ఆసియాలో మనుషులకి వచ్చే జంతువుల హుక్‌వార్మ్‌లలో ముఖ్యమైనది అదే. కాబట్టి కుక్కల్లో సిలానికమ్ తేలితే, ఆ మనిషికి చర్మానికి మందు రాసి వదిలేయకూడదు, మలపరీక్ష కూడా చేయించాలి.

స్లైడు_మాస్టారు

ఇంత దూరం పోవాలా? పురుగు నోరు చూస్తే చాలు కదా. కెనైనమ్‌కి నోటి అంచున మూడు జతల పళ్ళు. బ్రజీలియెన్స్, సిలానికమ్‌లకి పెద్ద పళ్ళు ఒకే జత, లోపల ఇంకో చిన్న జత. అన్సినేరియాకి పళ్ళే ఉండవు, కోసే పలకలుంటాయి. పది కోట్లు పెట్టి మిషను కొనాల్సిన పని లేదు.

గన్నవరం_పారా

మాస్టారూ, పురుగు చేతికి దొరికితే మీ మాటే కరెక్ట్. బతికున్న కుక్కలో దొరికేది గుడ్డే. మందు వేశాక మలంలో పడే పురుగులు చాలావరకు సగం అరిగిపోయి వస్తాయి, తల భాగం ఉంటే అదృష్టం. గుడ్ల విషయానికొస్తే, ఈ మూడు జాతులవీ అటూ ఇటూ 60 మైక్రాన్ల పొడవు, 40 మైక్రాన్ల వెడల్పు. కొలతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఐపీస్ మైక్రోమీటర్ పెట్టి కొలిచినా విడదీయలేం.

ఇంకొకటి. బ్రజీలియెన్స్‌కి 1910లో పేరు పెట్టారు, సిలానికమ్‌కి 1911లో. ఆ తర్వాత చాలా ఏళ్ళు రెండూ ఒకటే అనుకున్నారు. 1951లో బియోక్కా అనే శాస్త్రవేత్త మగ పురుగు తోక దగ్గర బర్సా అనే పొరలో ఉండే పుల్లల్లాంటి కిరణాలు చూపించి వేరుచేశాడు. అంటే అంతకుముందు మన దేశంలో "బ్రజీలియెన్స్" అని రాసిన రికార్డుల్లో కొన్ని సిలానికమ్ అయ్యుండొచ్చు. పళ్ళు చూసి ఈ రెంటినీ విడదీయడం అనుభవజ్ఞులకే కష్టం. డీఎన్ఏలో మాత్రం తేడా స్పష్టంగా ఉంటుంది.

స్లైడు_మాస్టారు

బర్సా సంగతి ఒప్పుకుంటా. అయినా మైక్రోస్కోప్ వదిలేయమంటే మాత్రం ఊరుకోను. గుడ్డు ఉందో లేదో చూడకుండా పీసీఆర్‌కి, అంటే డీఎన్ఏ ముక్కని లక్షల కాపీలు చేసి చూసే పరీక్షకి, పంపితే డబ్బు తగలేసినట్టే.

జెల్_బ్యాండు

మాస్టారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ముందు ఫ్లొటేషన్ (ఉప్పు నీళ్ళలో గుడ్లని తేల్చి చూడటం), తర్వాతే పీసీఆర్.

ఇక ఏ జీన్ అన్న ప్రశ్న. నేనైతే ఐటీఎస్‌తో మొదలుపెట్టమంటా. రైబోజోమ్ జీన్ల మధ్య ఉండే ఖాళీ ముక్క అది. దాన్నే పట్టుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒక్కో కణంలో ఈ రైబోజోమ్ జీన్ల వరస చాలా కాపీలుగా ఉంటుంది కాబట్టి కొద్ది గుడ్లున్నా పట్టుబడుతుంది. రెండోది, ఐటీఎస్ ప్రోటీన్ తయారుచేయదు, అందుకని జాతికీ జాతికీ మధ్య మార్పులు పేరుకుంటాయి. దాని రెండు పక్కలా ఉన్న జీన్లు మాత్రం పెద్దగా మారవు, కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు, అంటే ప్రైమర్లు, అక్కడ కూర్చుంటాయి.

ఎన్‌సీ1, ఎన్‌సీ2 అనే ప్రైమర్ల జత 1990ల నుంచి వాడుకలో ఉంది. అది ఐటీఎస్2 ముక్కని తీస్తుంది, యాంకిలోస్టోమాకి మూడొందల పైచిలుకు బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) బ్యాండ్, అంటే జెల్‌లో గీత, వస్తుంది. ఐటీఎస్1 కూడా కావాలంటే ఎన్‌సీ5, ఎన్‌సీ2 జత. ముక్క పెద్దది కాబట్టి డీఎన్ఏ చితికిపోయిన శాంపిల్‌లో అది ఫెయిల్ అవుతుంది, అప్పుడు ఎన్‌సీ1తో మళ్ళీ ప్రయత్నించాలి.

బ్యాండ్ వచ్చినంత మాత్రాన జాతి తేలినట్టు కాదు, ఈ ప్రైమర్లు చాలా రకాల గుండ్రటి పురుగులకి పనిచేస్తాయి. దాన్ని సీక్వెన్స్ చేయాలి (అక్షరాలు వరసగా చదవాలి), లేదా రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కోసి ముక్కల సైజులు చూడాలి. అస్సాం తేయాకు తోటల కుక్కల మలం మీద ఈ కోత పద్ధతిని వాడిన పేపర్ 2004లో వచ్చింది. గుడ్ల నుంచే నేరుగా జాతులు విడదీశారు. చాలా కుక్కల్లో కెనైనమ్, బ్రజీలియెన్స్ రెండూ కలిసే ఉన్నాయి.

ఎన్‌యూ_బయోటెక్

మైటోకాండ్రియాలో ఉండే కాక్స్1 జీన్ వదిలేశారేం? జాతి లోపల ఏ కుటుంబమో, కుక్కలోదీ మనిషిలోదీ ఒకటేనో కాదో తెలియాలంటే కాక్స్1 కావాలి. ఐటీఎస్‌లో ఒకే జాతి పురుగులన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

జెల్_బ్యాండు

కాక్స్1 వద్దని కాదు. మేడమ్ అడిగింది జాతి పేరు, దానికి ఐటీఎస్ సరిపోతుంది. ఊడ్చే మనిషి మలంలో గుడ్లు దొరికి, అవీ షెల్టర్ కుక్కలవీ ఒకటేనా అని చూడాల్సి వస్తే అప్పుడు కాక్స్1. ఇంకో చిక్కు ఉంది, కాక్స్1 త్వరగా మారుతుంది కాబట్టి ప్రైమర్ కూర్చునే చోటే మార్పు వచ్చి ఒక జాతి అసలు బ్యాండే ఇవ్వకపోవచ్చు. రెండు జాతులున్న శాంపిల్‌లో ఒకటే పెరిగి రెండోది మాయమవుతుంది.

లబ్బీపేట_లక్కీ

శాంపిల్ దేంట్లో పంపాలి? ఫార్మలిన్ డబ్బా ఒకటి ఇంట్లో ఉంది.

కొత్తపేట_రియేజెంట్

ఫార్మలిన్ వద్దే వద్దు! గుడ్డు ఆకారాన్ని చక్కగా నిలబెడుతుంది, డీఎన్ఏని మాత్రం ప్రోటీన్లకి అతికించి ముక్కలు చేస్తుంది. పీసీఆర్ నెగెటివ్ వస్తుంది, జనం పురుగు లేదనుకుంటారు. పాత బయాప్సీ సీసాల్లోంచి డీఎన్ఏ తీసే పద్ధతులున్నాయి గానీ చిన్న ముక్కలే వస్తాయి.

కావాల్సింది ఇథనాల్. మలం 1 వంతు, 95 శాతం ఇథనాల్ కనీసం 3 వంతులు. మలంలోనే నీరుంటుంది, 70 శాతం ఇథనాల్ పోస్తే కలిశాక అది యాభైకి పడిపోతుంది. పోశాక బాగా కుదిపి ముద్దలు విడగొట్టాలి. పైన ఇథనాల్ తేలుతూ లోపల గట్టి ముద్ద ఉంటే మధ్యలో గుడ్లు కుళ్ళిపోతాయి. రబ్బరు వాషర్ ఉన్న మరమూత ట్యూబు వాడి, మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టండి. విజయవాడ మే నెల ఎండకి మామూలు డబ్బాలో ఇథనాల్ ఆవిరైపోతుంది.

ట్యూబు మీద పెన్ను, మార్కర్ ఏదీ నిలవదు, ఇథనాల్ తగిలితే కరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసిన చిన్న కాగితం ముక్క ట్యూబు లోపలే వేయండి.

లబ్బీపేట_లక్కీ

శానిటైజర్ నడవదా మరి? కరోనా అప్పటి ఐదు లీటర్ల డబ్బా అట్లాగే ఉంది, దానికీ ఒక ఉద్యోగం దొరుకుతుందనుకున్నా.

కొత్తపేట_రియేజెంట్

హహ, పాపం దానికి ఈ ఉద్యోగం రాదండీ. జెల్ రకంలో చిక్కదనం కోసం కలిపిన పాలిమర్, గ్లిజరిన్ ఉంటాయి, డీఎన్ఏ తీసేటప్పుడు అడ్డుపడతాయి. సర్జికల్ స్పిరిట్‌లోనూ వేరే పదార్థాలు కలుపుతారు. ఇథనాల్ దొరక్కపోతే ఏమీ కలపకుండా మైనస్ 20లో గడ్డకట్టించడం మేలు. 2.5 శాతం పొటాషియం డైక్రోమేట్ కూడా పనిచేస్తుంది, కాకపోతే అది విషం, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. తర్వాత మూడు నాలుగు సార్లు కడగాలి.

కొరియర్‌లో ఇథనాల్ పంపేముందు అడగండి, మండే ద్రవమని చాలామంది తీసుకోరు. రెండు రోజులు ఇథనాల్‌లో నానాక పైది వంచేసి, తడి మాత్రం మిగిల్చి పంపొచ్చు. దగ్గరే అయితే మనిషే తీసుకెళ్ళడం ఉత్తమం.

స్లైడు_మాస్టారు

శాంపిల్ తీయడం దగ్గరే సగం పాడవుతుంది. నేల మీద పొద్దున్నుంచీ ఎండిన మలం ఎత్తకూడదు. మన వేడికి హుక్‌వార్మ్ గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదిగి లార్వా బయటకి వస్తుంది. మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు కూడా మలంలోకి దూరతాయి. జెల్ బ్యాండు గారు చెప్పిన ప్రైమర్లు వాటికీ బ్యాండ్ ఇస్తాయి. కుక్క వేసిన వెంటనే, నేలకి తగలని పైభాగం నుంచి తీయాలి. ఒక్కో కుక్కకీ వేరే చెంచా. అన్నిటినీ కలిపి ఒకే డబ్బాలో వేయొద్దు.

మంగళగిరి_షెల్టర్

చాలా ఉపయోగంగా ఉంది. ఎన్ని గ్రాములు తీయాలి? ఒక్కసారి తీస్తే చాలా?

గన్నవరం_పారా

ఒక్కో కుక్కకి 5 గ్రాములు తాజాది ఫ్లొటేషన్‌కి, 2 గ్రాములు ఇథనాల్‌కి. తాజాది నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో, అదే రోజు ల్యాబ్‌కి.

ఫ్లొటేషన్‌కి సంతృప్త ఉప్పు నీళ్ళు సరిపోతాయి, సాంద్రత 1.20 దగ్గర ఉండాలి. హైడ్రోమీటర్‌తో చూడండి, కంటి లెక్క వద్దు. జల్లెడ పట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, కవర్‌స్లిప్ పెట్టి పది నిమిషాలు ఆగాలి. ఎక్కువసేపు ఉంచితే ఉప్పుకి గుడ్లు ముడుచుకుపోతాయి. గుడ్లు మరీ తక్కువ ఉన్న శాంపిల్ అయితే ఆ తేలిన గుడ్లనే కవర్‌స్లిప్ నుంచి నీళ్ళతో కడిగి డీఎన్ఏకి వాడొచ్చు. అట్లా చేస్తే మలంలోని చెత్త సగం పోతుంది, పీసీఆర్ శుభ్రంగా వస్తుంది.

గుడ్లు ఒక్కోరోజు తక్కువగా పడతాయి. నెగెటివ్ వస్తే రెండు మూడు రోజుల తేడాతో ఇంకోసారి చూడండి.

ఎన్‌యూ_బయోటెక్

డీఎన్ఏ తీయడంలో జనం చేసే పెద్ద పొరపాటు, కిట్‌లో రాసింది రాసినట్టు చేసేయడం. గుడ్డు పెంకులో కైటిన్ ఉంటుంది, కణాల్ని పగలగొట్టే మామూలు లైసిస్ బఫర్‌కి పగలదు. ముందు ఇథనాల్ పూర్తిగా పోవాలి: సెంట్రిఫ్యూజ్ చేసి పైది పారబోసి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగండి. ఇథనాల్ మిగిలితే పీసీఆర్ ఆగిపోతుంది. తర్వాత 200 మిల్లీగ్రాములు బీడ్ ట్యూబులో వేసి గట్టిగా కుదపాలి. బీడ్ బీటర్ లేకపోతే గడ్డకట్టించి, మరుగునీళ్ళలో పెట్టి, మళ్ళీ గడ్డకట్టించడం ఐదు సార్లు. ఆపైన ప్రోటీనేజ్ కె వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా. అప్పుడే మలం కోసం చేసిన కిట్‌లోకి. రక్తం కిట్ వాడొద్దు, మలంలో పైత్య లవణాలు, పాలిసాకరైడ్లు పీసీఆర్‌ని అడ్డుకుంటాయి, వాటిని తీసే మెట్టు రక్తం కిట్‌లో ఉండదు.

అడ్డంకి ఉందో లేదో తెలుసుకోవడం సులువు. డీఎన్ఏని పది రెట్లు పలచన చేసి మళ్ళీ పెట్టండి. చిక్కగా ఉన్నప్పుడు రాని బ్యాండ్ పలచన చేస్తే వచ్చిందంటే అడ్డంకి ఉన్నట్టే. రియాక్షన్‌లో బీఎస్ఏ అనే ప్రోటీన్ కొంచెం కలిపితే కూడా తీరుతుంది.

జెల్_బ్యాండు

దానికి జోడిస్తా. 25 మైక్రోలీటర్ల రియాక్షన్, 2 మైక్రోలీటర్ల డీఎన్ఏ, 94 డిగ్రీలు, 55 డిగ్రీలు, 72 డిగ్రీలు, 35 సైకిళ్ళు. జెల్ 1.5 నుంచి 2 శాతం. 40 సైకిళ్ళు దాటించొద్దు, గాల్లో ఉన్న పాత ప్రాడక్ట్ కూడా బ్యాండ్ అయిపోతుంది.

కంట్రోళ్ళు మూడూ తప్పనిసరి. నీళ్ళతో ఒకటి. మలం లేకుండా కిట్ మొత్తం నడిపిన ఖాళీ శాంపిల్ ఒకటి, ఇది చాలామంది మానేస్తారు, అసలు కంటామినేషన్ బయటపడేది దీంట్లోనే. జాతి తెలిసిన పెద్ద పురుగు నుంచి తీసిన పాజిటివ్ ఒకటి. జెల్ నడిపే బల్ల మీద పీసీఆర్ కలపొద్దు, గది కూడా వేరే అయితే మంచిది. ఫిల్టర్ టిప్పులు వాడండి.

బ్రాడీపేట_వెట్

కలిసిన ఇన్‌ఫెక్షన్ సంగతి ఎవరూ చెప్పట్లేదు. షెల్టర్‌లో రెండు జాతులూ ఒకే కుక్కలో ఉండే అవకాశం చాలా ఎక్కువ. అక్షరాలు చదివే మామూలు పద్ధతి, సాంగర్ సీక్వెన్సింగ్, ఒకటే చదువుతుంది కదా?

జెల్_బ్యాండు

సరిగ్గా పట్టుకున్నారు. సాంగర్‌లో రెండు జాతులుంటే క్రోమాటోగ్రామ్‌లో, అంటే అక్షరానికో శిఖరం ఉండే గ్రాఫులో, ఒకేచోట రెండు శిఖరాలు కనిపిస్తాయి. ఒకటి మరీ తక్కువగా ఉంటే, పది ఇరవై శాతం లోపు, అడుగున ఉండే గోలలో కలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ పెద్ద శిఖరాన్నే అక్షరంగా రాసేస్తుంది. అందుకని ఆ అక్షరాల ఫైల్ ఒక్కటే తీసుకుని సరిపెట్టుకోవద్దు. కంపెనీ ఇచ్చే ట్రేస్ ఫైల్ (ఆ గ్రాఫు) అడిగి తీసుకోండి, ప్రతి శిఖరం కళ్ళతో చూడండి. రెండు వైపుల నుంచీ చదివించండి.

ఎన్‌యూ_బయోటెక్

ఇక్కడ నేను ఒప్పుకోను. షెల్టర్‌కి సాంగరే తప్పు దారి. జాతికో ప్రోబ్ (ఆ జాతి డీఎన్ఏకే అతుక్కునే రంగు ముక్క) ఉన్న రియల్‌టైమ్ పీసీఆర్ పెడితే కెనైనమ్ ఉందా, సిలానికమ్ ఉందా, రెండూనా అని వేరువేరు రంగుల్లో ఒకేసారి తెలుస్తుంది. తక్కువగా ఉన్నదీ పట్టుబడుతుంది. ప్రోబ్ ఖర్చు వద్దనుకుంటే హై రిజల్యూషన్ మెల్ట్ ఉంది. కరిగే ఉష్ణోగ్రతలో తేడాతో జాతి చెప్తుంది.

జెల్_బ్యాండు

ప్రోబ్ వెతికిందే దొరుకుతుంది. మీరు మూడు జాతులకి ప్రోబ్ పెట్టారు, అక్కడ నాలుగోది ఉంటే నెగెటివ్ అంటుంది. ఎవరూ సరిగ్గా చూడని చోట ముందు సీక్వెన్స్ చేసి ఏమేం ఉన్నాయో తెలుసుకోవాలి, ఆ తర్వాత ప్రోబ్. మెల్ట్ అయితే ఉప్పు శాతం కొంచెం మారినా వంపు జరిగిపోతుంది, ప్రతి ప్లేటులోనూ తెలిసిన జాతుల డీఎన్ఏ పక్కన పెట్టాల్సిందే.

గన్నవరం_పారా

ఇద్దరూ చెప్పింది కలిపి చేయొచ్చు. మొదట ఐదారు శాంపిళ్ళు సాంగర్, దాంట్లో తేలిన జాతులకి మిగతావాటి మీద రియల్‌టైమ్. డబ్బుంటే ఐటీఎస్2 ప్రాడక్ట్‌నే డీప్ సీక్వెన్సింగ్‌కి పంపితే ఒక్కో శాంపిల్‌లో వేల రీడ్‌లు (చదివిన ముక్కలు) వస్తాయి, ఎన్ని జాతులున్నా విడివిడిగా లెక్క కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. డీఎన్ఏ దొరికింది అంటే ఆ కుక్కకి ఇన్‌ఫెక్షన్ ఉందని కాదు. వీధికుక్కలు వేరే కుక్కల మలం, మనిషి మలం కూడా తింటాయి. మనుషుల హుక్‌వార్మ్ నెకాటర్ అమెరికానస్ డీఎన్ఏ గానీ, మనుషుల ఏలికపాము గుడ్లు గానీ కుక్క మలంలో కనిపిస్తే, అవి పేగు గుండా వచ్చి వెళ్ళిపోయినవి కావచ్చు. కుక్కని మూడు రోజులు విడిగా ఉంచి మళ్ళీ తీయండి. ఇన్‌ఫెక్షన్ అయితే అప్పుడూ ఉంటుంది.

మంగళగిరి_షెల్టర్

మందు పనిచేయని కుక్కల సంగతి? అది కూడా జీన్‌లో కనిపిస్తుందా?

బ్రాడీపేట_వెట్

కొంతవరకు. ఫెన్‌బెండజోల్ కుటుంబం మందులు పురుగు కణాల్లోని బీటా ట్యూబులిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటాయి. ఆ జీన్‌లో 167వ కోడాన్ (మూడు అక్షరాల గుంపు) మారితే మందు పట్టదు. అమెరికాలో రేసు గ్రేహౌండ్ల కెనైనమ్‌లో ఇది బాగా బయటపడింది. 134వ కోడాన్ దగ్గర ఇంకో మార్పు కూడా 2023లో చూపించారు. 198, 200 గొర్రెల పురుగుల్లో పేరు మోసినవి, కాబట్టి నాలుగూ చదివించాలి.

కానీ ముందు మామూలు లెక్క చేయండి. మందు వేసేరోజు గ్రాముకి ఎన్ని గుడ్లో లెక్కపెట్టి, 10 నుంచి 14 రోజుల మధ్య మళ్ళీ లెక్కించండి. బరువు తూచి కిలోకి 50 మిల్లీగ్రాములు, మూడు రోజులు. షెల్టర్లలో ఎక్కువగా జరిగేది బరువు తక్కువ అంచనా వేయడం, కుక్క సగం మందు ఉమ్మేయడం. ఇంకొకటుంది. కెనైనమ్ లార్వాలు కండరాల్లో నిద్రాణంగా ఉండి, పేగులో పురుగులు పోగానే కొత్తవి దిగుతాయి. రెండు వారాలకి తగ్గి నెల తర్వాత పెరిగితే అది లోపలి నిల్వ కావచ్చు, నేల నుంచి మళ్ళీ సోకడమూ కావచ్చు. రెండు వారాలకే తగ్గకపోతే అప్పుడు ట్యూబులిన్ చూడండి. పైరాంటెల్ అనే ఇంకో మందుకి ఎదురుతిరిగిన పురుగుని ఈ జీన్ పట్టుకోదు, దానికి గుడ్ల లెక్కే దారి.

లబ్బీపేట_లక్కీ

కొంచెం పక్కకి వెళ్తున్నా. మా వాడి రక్తం స్లైడులో మైక్రోఫైలేరియా, అంటే రక్తంలో తిరిగే పురుగు పిల్లలు, కదులుతున్నాయన్నారు, హార్ట్‌వార్మ్ కిట్ మాత్రం నెగెటివ్. ఇదీ జాతి గొడవేనా?

గన్నవరం_పారా

చాలావరకు అదే. కిట్ వెతికేది గుండెపురుగు (హార్ట్‌వార్మ్) డైరోఫైలేరియా ఇమ్మిటిస్ ఆడపురుగు యాంటిజెన్. చర్మం కింద ఉండే డైరోఫైలేరియా రెపెన్స్, అకాంథోకైలోనీమా రెకాండిటమ్ అయితే కిట్ సాధారణంగా నెగెటివే. ముందు నాట్ పరీక్ష చేయించండి: 1 మిల్లీలీటరు రక్తం, 9 మిల్లీలీటర్లు 2 శాతం ఫార్మలిన్, సెంట్రిఫ్యూజ్, అడుగున ఉన్నదానికి మిథిలీన్ బ్లూ. రెకాండిటమ్ సన్నగా పొట్టిగా, 300 మైక్రాన్ల లోపు ఉంటుంది. తొడుగు కనిపిస్తే బ్రూజియా అనే ఇంకో ఫైలేరియా పురుగు.

పీసీఆర్‌కి వేరే ట్యూబు, ఈడీటీఏది. హెపారిన్ ట్యూబులో రక్తం తీస్తే పీసీఆర్ ఆగిపోతుంది. రక్తం సాయంత్రం పొద్దుపోయాక తీస్తే మైక్రోఫైలేరియా ఎక్కువ దొరుకుతాయి. ఇక్కడ సీక్వెన్సింగ్ కూడా అక్కర్లేకుండా బ్యాండు సైజుతోనే తేలే ప్రైమర్ జత ఉంది, 2006 నుంచి వాడుతున్నారు. ఐటీఎస్2 మీదే. రెపెన్స్ 484, ఇమ్మిటిస్ 542, రెకాండిటమ్ 578, బ్రూజియా మలాయి 615, బ్రూజియా పహాంగి 664 బేస్‌లు. 578కి పక్కనే అకాంథోకైలోనీమా డ్రాకన్‌క్యులాయిడిస్ 584 ఉంది, మన దేశపు కుక్కల్లో దాన్నీ చూశారు. ఆరు బేస్‌ల తేడా మామూలు జెల్‌లో కనిపించదు, ఆ రెంటికీ మాత్రం సీక్వెన్స్ తప్పదు.

బ్రాడీపేట_వెట్

లక్కీ గారూ, తేలేదాకా బోదకాలు బిళ్ళ, అంటే డీఈసీ, ఎవరు చెప్పినా వేయొద్దు. ఇమ్మిటిస్ మైక్రోఫైలేరియా రక్తంలో ఉన్నప్పుడు డీఈసీ పడితే కుక్క షాక్‌లోకి వెళ్తుంది.

లబ్బీపేట_లక్కీ

వామ్మో. వేయను. థాంక్సండీ.

స్లైడు_మాస్టారు

పనిలో పనిగా బద్దెపురుగు సంగతి కూడా. స్లైడులో టీనియా రకం గుడ్డు కనిపిస్తే దాన్ని ఇంకా లోతుగా చూస్తూ కూర్చోవద్దు. ఎకైనోకాకస్ గుడ్డూ, టీనియా గుడ్డూ అచ్చం ఒకటే. ఎకైనోకాకస్ అయితే, పొరపాటున నోట్లోకి పోతే చూసేవాడి కాలేయంలో హైడాటిడ్ తిత్తి పెరగొచ్చు.

గన్నవరం_పారా

అవును, ఇది చాలా ముఖ్యం. ఇథనాల్ ఆ గుడ్లని చంపదు, మైనస్ 20 కూడా చంపదు. మైనస్ 80లో వారం ఉంచాకే తెరవాలి. పీసీఆర్‌లో దీనికి మూడు ప్రైమర్ల జతలు ఒకే ట్యూబులో పెట్టే పద్ధతి ఉంది. ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్‌కి 117, టీనియాకి 267, ఎకైనోకాకస్ మల్టీలాక్యులారిస్‌కి 395 బేస్‌లు. 117 చిన్న బ్యాండు, ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని వచ్చే ప్రైమర్ డైమర్ అని పొరబడే ప్రమాదం ఉంది. సైజు కొలిచే 50 బేస్‌ల ల్యాడర్ పక్కన పెట్టండి. కబేళా దగ్గర గొర్రె ఊపిరితిత్తులు, కాలేయం తినే కుక్కలు మీ షెల్టర్‌కి వస్తే ఇది తప్పక అడగండి మేడమ్.

మంగళగిరి_షెల్టర్

వస్తాయి. రాసుకున్నా. సీక్వెన్స్ వచ్చాక జాతి పేరు ఎట్లా తేల్చాలి? సీక్వెన్సుని పోల్చి వెతికే బ్లాస్ట్‌లో పైన వచ్చిన పేరు రాసేయొచ్చా?

జెల్_బ్యాండు

అదే వద్దు. అందరూ సీక్వెన్సులు దాచే జెన్‌బ్యాంక్‌లో పేరు తప్పు పెట్టిన సీక్వెన్సులు ఉన్నాయి. మొదటి పేరు ఒకటి, రెండో పేరు ఇంకొకటి, రెంటికీ ఒకే శాతం వస్తే ఏం రాస్తారు? ముందు ట్రేస్ రెండు చివరలా చెత్త అక్షరాలు కత్తిరించండి. బ్లాస్ట్‌లో పోలిక శాతంతో పాటు ఎంత భాగం పోలిందో చూడండి. 100 శాతం పోలిక 80 అక్షరాల మీదే అయితే విలువ లేదు. ఆ తర్వాత పెద్ద పురుగు ఆకారం చూసి జాతి నిర్ధారించి, దాన్నుంచే తీసిన సీక్వెన్సులు ఒక్కో జాతికి కొన్ని దించుకుని, మీది పక్కన పెట్టి వరసలో అమర్చండి. కెనైనమ్‌కీ సిలానికమ్‌కీ మధ్య ఎప్పుడూ తేడాగా ఉండే స్థానాలు కొన్నుంటాయి. ఆ స్థానాల్లో మీ అక్షరం ఏదో, అక్కడ ట్రేస్ శిఖరం శుభ్రంగా ఉందో లేదో చూడాలి. అక్కడే రెండు శిఖరాలుంటే మిశ్రమం అని రాయండి, ఒక పేరు ఎంచుకోవద్దు.

స్లైడు_మాస్టారు

చూశారా, పెద్ద పురుగు ఆకారం దగ్గరికే వచ్చారు చివరికి.

జెల్_బ్యాండు

వచ్చాం మాస్టారూ, మీలాంటివాళ్ళు నోరు చూసి పేరు పెట్టిన పురుగు లేకపోతే మా అక్షరాలకి పేరు ఉండదు. మేడమ్ షెల్టర్‌లో ఏ కుక్కైనా చనిపోయి పోస్ట్‌మార్టమ్ చేస్తే, చిన్నపేగు పురుగులు తీసి తల, తోక స్లైడుకి, నడుము ముక్క ఇథనాల్‌కి ఇప్పించండి. మీరు తల, తోక చూడండి, మేం మధ్య ముక్క చదువుతాం.

స్లైడు_మాస్టారు

సంతోషంగా చూస్తా. పురుగుని పారదర్శకంగా చేసే లాక్టోఫినాల్‌లో ఒకరోజు నాననివ్వండి, అప్పుడు పళ్ళూ బర్సా స్పష్టంగా కనిపిస్తాయి. ముక్క కోశాకే లాక్టోఫినాల్, ముందు కాదు, డీఎన్ఏ ముక్కకి అది తగలకూడదు.

మంగళగిరి_షెల్టర్

అయితే ఇట్లా చేస్తా. సోమవారం నుంచి రోజుకి నాలుగు కుక్కలు, ఒక్కోదానికి తాజా డబ్బా, ఇథనాల్ ట్యూబు. గుడ్ల లెక్క, బరువు, మందు వేసిన తేదీ ఒక పుస్తకంలో. గుడ్లు ఎక్కువున్న ఆరింటికి ఐటీఎస్2 సాంగర్, రెండు వైపులా. మందు పట్టని వాటికి రెండు వారాల లెక్క తర్వాత ట్యూబులిన్. ఊడ్చే మనిషికి మలపరీక్ష ఈ వారమే. ఇందులో ఏదైనా తప్పుందా?

ఎన్‌యూ_బయోటెక్

ఒకటి కలపండి. ఆరింటిలో ఒకటి గుడ్లు లేని కుక్కది పెట్టండి, ఎవరిదో ల్యాబ్‌కి చెప్పకుండా. దానికీ బ్యాండ్ వస్తే ఎక్కడో కంటామినేషన్ ఉందేమో చూడాలి.

బ్రాడీపేట_వెట్

ఊడ్చే అతనికి మలపరీక్షలో గుడ్లు కనిపిస్తే ఆల్బెండజోల్ మింగకముందే కొంత ఇథనాల్‌లో పెట్టించమనండి. మింగాక గుడ్లు దొరకవు, ఇక జాతి తేల్చలేం. చెప్పులు లేకుండా కెన్నెల్‌లోకి వెళ్ళొద్దని చెప్పండి, గమ్‌బూట్లు కొనివ్వండి.

మంగళగిరి_షెల్టర్

బూట్లు రేపే తెప్పిస్తా. సీక్వెన్సులు వచ్చాక ట్రేస్ ఫైళ్ళు ఇక్కడే పెడతా, అందరూ చూడండి.

జెల్_బ్యాండు

పెట్టండి. జెన్‌బ్యాంక్‌లో వేసేటప్పుడు "ఇండియా" అని ఆపేయకుండా గుంటూరు జిల్లా, మంగళగిరి, కుక్క, మలం, తీసిన తేదీ అన్నీ నింపండి. ఆ గళ్ళు ఖాళీగా ఉన్న సీక్వెన్సులు తర్వాత వెతికేవాళ్ళకి పనికిరావడం లేదు.